ఆ నీలం ఎవరిది

పదో తరగతి భౌతికశాస్త్రంలో కన్నూ ఆకాశమూ ఒకే పాఠంలో వస్తాయి. ముందు కన్ను బొమ్మ, తర్వాత కంటికొచ్చే లోపాలు, వాటికి వాడే అద్దాలు, ఆ తర్వాత ఇంద్రధనుస్సు, అన్నిటికన్నా చివర ఆకాశం నీలంగా ఎందుకు కనిపిస్తుందన్న ప్రశ్న. తిరుమలగిరిలో ఒక ప్రైవేటు బళ్ళో నేను ఆ పాఠం ఎన్నేళ్ళుగా చెబుతున్నానో చెప్పుకుంటే నా వయసు బయటపడుతుంది. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. ఆ సంగతి మా బడి గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా తెలుసు. ఆ పాఠం వచ్చినప్పుడు మాత్రం కాస్త మెత్తబడేదాన్ని.

గాజుతొట్టెలో నీళ్ళు పోసి, ఓ చెంచాడు పాలు కలిపి, కిటికీలన్నీ మూయించి, ఒక కొసనుంచి టార్చి వేసేదాన్ని. పక్కనుంచి చూస్తే ఆ నీళ్ళు లేత నీలంగా కనిపిస్తాయి. టార్చికి ఎదురుగా నిలబడి చూస్తే నారింజరంగు. పాలు తెల్లవి, నీళ్ళకు రంగే లేదు, టార్చి వెలుతురూ తెల్లదే, మరి నీలం ఎక్కణ్ణుంచి వచ్చిందర్రా అని అడిగేదాన్ని. తెల్ల వెలుతురులో అన్ని రంగులూ ఉంటాయి, బాగా సన్నటి రేణువులకు తగిలినప్పుడు నీలం ఎక్కువగా నాలుగు దిక్కులా చెదిరిపోతుంది, ఎరుపు పెద్దగా చెదరకుండా నేరుగా వెళ్ళిపోతుంది, పైన గాలి చేసే పని కూడా ఇదే అని చెప్పి చేతులు దులుపుకునేదాన్ని. పరీక్షకి అంతకన్నా అక్కర్లేదు.

ఇంట్లో మా ఆయన మాత్రం ఆ ప్రశ్న ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. ఆయన చదివింది బీకాం, చేసింది సర్కారు ఆఫీసులో లెక్కల పని, ప్రాణమంతా క్రికెట్. కార్ఖానా అనే బస్తీలో పుట్టి పెరిగిన మనిషి. వాళ్ళ తాతల కాలం నుంచీ ఇక్కడే. మాది గుడివాడ వైపు, మా నాన్న వ్యాపారం కోసం ఈ ఊరు వచ్చి స్థిరపడ్డారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నా మాటకు ఆయన నవ్వుతారు, ఆయన మాటకు నేను నవ్వుతాను. సైనిక్‌పురిలో పై అంతస్తు, దాని మీద డాబా, ఉండేది మేమిద్దరమే. రిటైరయ్యాక ఆదివారం ఆదివారం కంటోన్మెంటు మైదానాల్లో లీగు మ్యాచ్‌లకు అంపైరుగా వెళ్ళేవారు. ఎండకి మాడి మసై ఇంటికొచ్చి, ఎవర్ని అవుట్ ఇచ్చిందీ ఎవర్ని ఇవ్వనిదీ నాకు చెప్పేవారు. నేను వింటున్నట్టు తల ఊపేదాన్ని.

అంపైరు చొక్కా తెల్లగా ఉండాలి. ఆ చొక్కా ఉతికే పని ఆయన ఎవరికీ ఇచ్చేవారు కాదు, వాషింగ్ మెషీన్‌కి కూడా. శనివారం సాయంత్రం బకెట్లో నీళ్ళు పట్టి, నీలిమందు చుక్కలు వేసి, చేత్తో గిరగిరా తిప్పి, చొక్కా ముంచి, నీళ్ళోడుతుండగానే డాబా మీద ఆరేసేవారు. నేను ఎప్పుడైనా చెయ్యి పెట్టబోతే, "మీ ఆంధ్రోళ్ళకు గంజి ఎరుకే గని నీలి ఎరుక లేదే, నువ్వు జెర జరుగు" అనేవారు. నిజంగానే ఆయన చొక్కా ఈ కాలనీలో అందరి బట్టలకన్నా తెల్లగా ఉండేది. తెలుపు మీద ఓ పిసరు నీలం పడితే కంటికి ఇంకా తెల్లగా తోస్తుంది, నీలి వేయడంలో కిటుకంతా అదే. ఎంత పడాలో ఆయన కన్నే చెప్పేది.

అలాంటి మనిషి చొక్కా నెమ్మదిగా రంగు తిరగడం మొదలుపెట్టింది. ముందు నేనే చూసి, నీలి ఎక్కువైందండీ అన్నాను. "ఏడ ఎక్కువైంది, మల్లెపువ్వు లెక్క ఉంది" అన్నారు. తర్వాతి వారం ఇంకాస్త నీలం. ఆ తర్వాత బనియన్లు, నా తెల్ల దుప్పట్లు, దేవుడి గదిలో పరిచే గుడ్డ కూడా. నాకు ఒళ్ళు మండి, సీసా తీసి అటక మీద దాచాను. ఆయన కింద కొట్టుకు వెళ్ళి ఇంకోటి తెచ్చుకున్నారు. చొక్కా పసుపుపచ్చగా కనిపిస్తోందట, ఎంత నీలి వేసినా ఆ పచ్చదనం పోవడం లేదట. ఆ ఆదివారం మైదానంలో ఒక ఆటగాడు పైన ఆకాశం చూపించి, "సార్, మీరు ఆస్మాన్ల కలిసిపోతున్నరు, కనిపిస్తలేరు" అన్నాడని ఇంటికొచ్చి నాకు చెప్పి ఆయనే నవ్వారు. నేనూ నవ్వాను. అప్పట్లో మాకు అది నవ్వులాటే.

కార్ఖానాలో కళ్ళద్దాల షాపాయన టార్చి వేసి చూసి, "శుక్లం షురూ అయింది సార్, ఇంకా ముదరలే" అన్నాడు. అది విన్నాక నాకు అంతా అర్థమైనట్టే అనిపించింది. శుక్లం వస్తే కంట్లో కటకం పచ్చబడుతుంది, పచ్చటి అద్దం నీలాన్ని మింగేస్తుంది, నీలం కనపడని మనిషి బకెట్లో ఇంకా ఇంకా నీలి పోస్తాడు. నేను అలా చెబితే ఆయనకి భలే నచ్చింది. నా ఫిజిక్సు మీద ఆయన మనసు పడింది అదే మొదటిసారి. కనిపించిన ప్రతి మనిషికీ చెప్పారు. మైదానంలో చెప్పారు, పాలబూత్ దగ్గర చెప్పారు. అందులో తప్పేం లేదు, నిజంగానే ఆయనకి శుక్లం ఉంది.

ఇక ముదిరేదాకా ఆగమన్నారు అందరూ. మన ఇళ్ళలో ఇదొక శాస్త్రం. శుక్లం పచ్చిగా ఉన్నప్పుడు కొయ్యకూడదు, కాయ ముదిరాకే కొయ్యాలన్నట్టు మాట్లాడతారు. మా పెద్దాడపడుచు అదే మాట, కింది వాటా ఆవిడ అదే మాట, ఆయన పాత ఆఫీసువాళ్ళూ అదే మాట. ఈ రోజుల్లో అలా ఆగక్కర్లేదండీ, పెద్దాసుపత్రికి పోదాం రండి అని నేను మొత్తుకున్నాను. "పరేషాన్ గాకు, సీజన్ అయినంక పోదాం" అనేవారు. క్రికెట్ సీజన్ అయ్యేది, ఎండలొచ్చేవి, ఎండల్లో కోస్తే చీము పడుతుందని ఎవరో అనేవారు. ఎండలు పోయి వానలొచ్చేవి. మళ్ళీ సీజన్ వచ్చేది. కాలికి గుమ్మం తగులుతోందన్నా శుక్లమే, పక్కనున్న గ్లాసు పడేసినా శుక్లమే, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకున్నా శుక్లమే. ముదురుతోంది కాబోలు అని ఎదురుచూశాం.

చివరికి ఒక మ్యాచ్‌లో బంతి గాల్లోకి బాగా పైకి లేచింది. అందరూ తలెత్తి చూస్తున్నారు, ఆయనా ఎత్తారు. బంతి ఎక్కడ దిగిందో, ఎవరు పట్టారో ఆయనకి తెలియలేదు. రెండో అంపైరు వేలెత్తాక ఈయనా వేలెత్తారట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే కుర్చీలో కూర్చుని, "రేపు దవాఖానకు పోదామే" అన్నారు. ఇంతకాలం నేను అడిగిన మాట ఆయన నోటివెంట వచ్చేసరికి నాకు భయం వేసింది.

ఆసుపత్రిలో ఒక చీకటి గదిలో మిషను ముందు కూర్చోబెట్టి, చేతిలో బటన్ ఇచ్చారు. లోపల ఎక్కడైనా వెలుతురు చుక్క మెరిస్తే నొక్కాలి. నేను తెర ఇవతల బెంచీ మీద ఉన్నాను. ఆయనకన్నా ముందు వెళ్ళిన ఒకావిడ టకటకా నొక్కుతుంటే ఇవతలికి వినిపించింది. ఆయన వెళ్ళాక వినిపించలేదు. టెక్నీషియన్ అమ్మాయి, "అంకుల్, వెలుతురు కనిపిస్తే నొక్కండి" అంది. "నొక్కుతనమ్మా, వస్తలేదు గద" అన్నారాయన. ఎప్పుడో ఒక్కసారి టక్ మనేది. మళ్ళీ ఏమీ లేదు.

డాక్టరు చిన్నమ్మాయే, నెమ్మదిగా చెప్పింది. "శుక్లం ఉందండి, కానీ అసలు సమస్య అది కాదు. నీటికాసులు, గ్లకోమా అంటారే, అది. కంటిలో ఒత్తిడి పెరిగి వెనకాల నరం ఎండిపోయింది. చాలాకాలంగా జరుగుతోంది, నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. నీలం తెలియకపోవడం కూడా దీనివల్ల అయ్యుండొచ్చు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని మందులతో నిలబెట్టడానికి చూద్దాం." నేను ఏమడిగానో నాకు గుర్తులేదు. ఆయన మాత్రం ఒకటే అడిగారు, శుక్లం తీస్తే నీలం కనిపిస్తదా అని. ఆమె, "వెలుతురు కొంచెం పెరగొచ్చు సార్. మరీ ఆశ పెట్టుకోకండి" అంది.

పెట్టుకోకండి అంటే పెట్టుకోకుండా ఉంటారా ఎవరైనా. మా కాలనీలో ఒక రిటైర్డ్ సుబేదారు, శుక్లం తీయించుకున్న మర్నాడు ఆకాశం చూస్తే కొత్తగా నీలం సున్నం వేసిన గోడలా మెరిసిపోయిందనీ, ఇన్నాళ్ళూ ఏం పోగొట్టుకున్నాడో అప్పుడు తెలిసిందనీ చెప్పాడు. ఆ సుబేదారు కంట్లో నరం బాగుంది, చెప్పుకున్నాడు, పోనీ. ఆ మాట పట్టుకుని మా ఆయన కొయ్యించుకోవడానికి సిద్ధపడ్డారు. నాకూ ఆశ ఉంది, లేదంటే అబద్ధం. అసలు శాస్త్రం చదివినదాన్ని కాబట్టి ఆశ ఇంకా ఎక్కువే ఉంది. పచ్చటి కటకం తీసేస్తున్నారు, తేటగా ఉన్నది పెడుతున్నారు, ఎంతో కొంత నీలం లోపలికి వెళ్ళక తప్పదు కదా అని నాలో నేను లెక్కలు వేసుకున్నాను.

ఆపరేషన్‌కి ముందురోజు పొద్దున్న డాబా మీద కుర్చీ వేసుకుని కూర్చుని, నన్ను పిలిచి అడిగారు. "ఆస్మాన్ నీలంగ ఎందుకుంటదే?"

ఇన్నేళ్ళకి అడిగారు. పిల్లలకి చెప్పినట్టే చెప్పాను. పైన నీలంగా కనిపించే కప్పేమీ లేదు, ఆకాశమని ఒక వస్తువే లేదు, ఉన్నది గాలి, గాలికి రంగు లేదు, చీకటి పడితే మనకు కనిపించే నలుపే అసలు సంగతి, పగలు మాత్రం ఎండలోని నీలం గాలి కణాలకు తగిలి అన్నివైపులనుంచీ మన కంట్లో పడుతుంది.

"గాలికి రంగు లేదంటివి. ఆస్మానే లేదంటివి. మరి గా నీలం ఎవరిది?"

"ఎండదే."

"ఎండ తెల్లగ గద ఉండేది."

"అందులోంచి చెదిరిపోయిన ముక్క అండీ. మిగతా వెలుతురు నేరుగా వచ్చేస్తుంది, ఇది మాత్రం దెబ్బలు తిని తిరిగి తిరిగి వస్తుంది."

"అంటే దారి తప్పిన వెలుగన్నట్టు" అన్నారు. అన్నట్టే అన్నాను. మొహం పైకెత్తి కూర్చున్నారు. ఆ రోజు ఎండ బాగా కాసింది. అంతకుముందు రాత్రి వానపడి దుమ్మంతా కడుక్కుపోయింది, ఈ ఊళ్ళో ఆకాశం నిజంగా నీలంగా ఉండేది అలాంటి రోజునే. మిగతా రోజుల్లో దుమ్మూ పొగా కలిసి తెల్లబోయి ఉంటుంది. ఎలా ఉందో చెప్పమని ఆయన అడగలేదు, రెండు రోజుల్లో తనే చూసుకుంటానన్న ధీమాతో.

ఆపరేషన్ చక్కగానే అయింది. మర్నాడు కట్టు విప్పి, నల్లద్దాలు ఇచ్చి పంపారు. క్యాబ్‌లో ఇంటికి బయల్దేరాం. కార్ఖానా రోడ్డు మీద సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు అద్దం దింపి, కళ్ళద్దాలు తీసి, తల బయటికి పెట్టి పైకి చూశారు. దుమ్ము పడుతుందండీ అని నేను చొక్కా పట్టుకుని లాగాను. తల లోపలికి పెట్టుకుని, నా చెయ్యి తడిమి పట్టుకున్నారు.

"కనిపించిందే" అన్నారు. "నీలంగ ఉంది. మస్తుగ ఉంది."

నేను నా వైపు కిటికీలోంచి చూశాను. పొద్దుటి నుంచీ ముసురు పట్టి ఉంది. పైన అంతా బూడిదరంగు మబ్బు, ఎక్కడా చిల్లు లేదు. అవునండీ, బాగుంది అన్నాను. డ్రైవరు అద్దంలోంచి ఒకసారి మమ్మల్నిద్దర్నీ చూసి బండి పోనిచ్చాడు. నా బాధ చూడలేక ఆయన అన్నారో, నిజంగా ఏదో కనిపించినట్టనిపించి అన్నారో ఈ రోజుకీ నేను అడగలేదు.

తర్వాత ఒక్కొక్కటే వెళ్ళిపోయింది. చుక్కల మందు పొద్దునా రాత్రీ వేస్తూనే ఉన్నాను, ఒత్తిడి తగ్గిందన్నారు, చూపు మాత్రం ఆగలేదు. రెండో కంటికి కొయ్యడం దండగన్నారు. ముందు పక్కల నుంచి చీకటి వచ్చింది, తర్వాత మధ్యలోకి. పేపరు పోయింది, టీవీ పోయింది, నా మొహం పోయింది. వెలుతురు తెలిసేది, ఎదురుగా మనిషి నిలబడితే నీడ తెలిసేది, అంతే. ఒకరిద్దరు పాత అంపైర్లు వచ్చి మైదానానికి తీసుకెళ్ళేవారు. బంతి బ్యాటుకి తగిలిన చప్పుడు విని, అది ఎటు పోయిందో చెప్పేవారట, చాలాసార్లు సరిగ్గానే చెప్పేవారట. ఒకరోజు మాత్రం తిరిగొచ్చి, "ఇంగ పోను, ఊకె అందర్ని అడుగుడు మంచిగ లేదు" అన్నారు. తర్వాత వాళ్ళూ రావడం తగ్గించారు. వాళ్ళని అని ఏం లాభం, ఎవరి సంసారాలు వాళ్ళవి. నాకు మాత్రం లోకం మీదే కోపం. ముదరనివ్వండి అన్నవాళ్ళ ఫోన్లు వస్తే ఇప్పటికీ ఎత్తబుద్ధి కాదు.

ఈ ఏడు మళ్ళీ ఆ పాఠం వచ్చింది. తొట్టె, పాలు, టార్చి అన్నీ మామూలే. కిటికీలు తెరిచాక వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "మేడం, ఊదా నీలంకన్నా ఎక్కువ చెదురుతదంట. మరి ఆకాశం ఊదాగ ఎందుకు లేదు?" అంది. మంచి ప్రశ్న. ఇన్నేళ్ళలో అడిగినవాళ్ళు చాలా తక్కువ. ఎండలో ఊదా కాస్త తక్కువ, పై గాలి కొంత మింగేస్తుంది, అన్నిటికన్నా ముఖ్యంగా మన కంటికి ఊదా సరిగ్గా ఆనదు, వచ్చిన రంగుల కలగలుపునంతా కలిపి కన్ను దాన్ని లేత నీలంగా తీసుకుంటుంది, అందుకని ఆకాశం నీలంగా ఉందంటే అందులో గాలి పని సగమే, మిగతా సగం కంటి పని అని చెప్పాలి. మొదలుపెట్టాను. కన్ను అన్న మాట దగ్గర ఆపేశాను. రేపు చెబుతాను కూర్చోమన్నాను. స్టాఫ్‌రూముకి వెళ్ళి కుళాయి తిప్పుకుని మొహం కడుక్కున్నాను.

ఆ అమ్మాయికి మర్నాడు చెప్పాను. ఇంట్లో మాత్రం చెప్పలేదు. ఆ నీలం ఎవరిదని ఆయన అడిగినప్పుడు నేనిచ్చిన జవాబు తప్పు కాదు, పూర్తీ కాదు. పూర్తి జవాబు ఇప్పుడు ఆయనకి ఏ మొహం పెట్టుకుని చెప్పను.

మొన్న ఆదివారం మిట్టమధ్యాహ్నం. అన్నం తిని ఆయన పడుకున్నారనుకున్నాను. ఆరేసిన బట్టలు తీద్దామని డాబా ఎక్కితే అక్కడున్నారు, గోడ తడుముకుంటూ మెట్లెక్కి వచ్చేశారు. డాబా నడిమధ్య నిలబడి, తల పూర్తిగా వెనక్కి వంచి, కళ్ళు రెండూ విప్పి సూటిగా సూర్యుడి మీద పెట్టారు. రెప్ప కూడా కొట్టడం లేదు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"ఏవండీ, ఏంటా పని, సూర్యుణ్ణి అలా చూస్తారా ఎవరైనా, కళ్ళు పోతాయి" అని అరుస్తూ పరుగెత్తి వెళ్ళి మోచెయ్యి పట్టుకున్నాను. అన్నాక నేనన్నదేమిటో నాకే వినిపించింది.

ఆయన తల దించలేదు. కోపం కూడా లేదు ఆ గొంతులో.

"ఇంకేం పోతయే" అన్నారు. "గీడ ఒక్క తాననే జెర తెల్లగ తెలుస్తుంది. ఇంకేడ ఏం తెలుస్తలేదు."

లోపలికి లాక్కెళ్ళడానికే పట్టుకున్నాను ఆ మోచెయ్యి. వదిలేశాను.